తెలుగు క్రియాధాతువులు, వాటి రూపాలు

తెలుగు వ్యాకరణంలో క్రియకు మూలమైన, ఇక విడదీయడానికి వీలులేని అర్థవంతమైన భాగాన్ని ధాతువు లేదా క్రియాధాతువు అంటారు. చేయు, వచ్చు, కొను, పిలుచు, కట్టు మొదలైనవి ధాతువులు. ధాతువుకు కాలాన్ని, వ్యతిరేకాన్ని, పురుషను, వచనాన్ని, లింగాన్ని తెలిపే ప్రత్యయాలు చేరడం వలన చేశాను, రాడు, కొంటారు, పిలవకు, కట్టిన వంటి రూపాలు ఏర్పడతాయి. నామవాచకాలతో పోలిస్తే తెలుగు క్రియకు రూపాలు చాలా ఎక్కువ. ఒక్క ధాతువు నుండి పదుల సంఖ్యలో రూపాలు పుడతాయి. సహాయక క్రియలు కూడా చేరితే ఆ సంఖ్య మరింత పెరుగుతుంది.

ఈ రూపాలు తెలుగునాట అన్ని చోట్లా ఒకే విధంగా ఉండవు. పాఠ్యపుస్తకాలలో కనిపించేవి ఎక్కువగా కోస్తా ప్రాంతపు శిష్ట వ్యవహారం నుండి వచ్చిన రూపాలు. కామారెడ్డి జిల్లాలోని గాంధారి, ఎల్లారెడ్డి పరిసరాలలో ప్రజలు మాట్లాడేది తెలంగాణ మాండలికం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం నిజామాబాదు జిల్లాలో ఉండేది. ఇక్కడి విద్యార్థి ఇంట్లో "నాయన వచ్చిండు" అని చెప్పి, బడిలో "నాన్న వచ్చాడు" అని వ్రాయాలి. ఇందులో మొదటిది తప్పు, రెండవది ఒప్పు అనే అభిప్రాయం చాలాకాలం పాటు బలంగా ఉండేది. రెండూ ఒకే పాత రూపం నుండి క్రమబద్ధంగా ఏర్పడినవే అని భాషాశాస్త్రం తెలుపుతున్నది. ఈ వ్యాసంలో ప్రామాణిక రూపాలతో పాటు ఈ ప్రాంతపు వాడుక రూపాలు కూడా ఇవ్వబడ్డాయి.

అధ్యయన చరిత్ర

పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రచురించిన బాలవ్యాకరణంలో క్రియకు ప్రత్యేకంగా ఒక పరిచ్ఛేదం ఉంది. క్త్వార్థకం (చేసి), శత్రర్థకం (చేయుచు), తుమర్థకం (చేయన్), చేదర్థకం (చేసినన్), తద్ధర్మార్థకం (చేయుదును) వంటి పారిభాషిక పదాలు నేటికీ పాఠశాల వ్యాకరణంలో కనిపిస్తాయి. ఇవి సంస్కృత వ్యాకరణపు ప్రత్యయాల పేర్లను, అర్థాలను బట్టి పెట్టిన పేర్లు. చిన్నయసూరి గ్రంథభాషకే నియమాలు చెప్పాడు, వాడుక రూపాలను గ్రామ్యాలుగా పక్కన పెట్టాడు. అంతకు ముందే ఎ.డి.కాంప్‌బెల్ 1816లోను, సి.పి.బ్రౌన్ 1840లోను ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు వెలువరించారు.

తెలుగు ధాతువులపై ఆధునిక పరిశోధనలో ముఖ్యమైనది భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012) ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం. తెలుగు క్రియా ప్రాతిపదికలను ఇతర ద్రావిడ భాషలతో పోల్చి వివరించిన ఆ గ్రంథాన్ని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. 1985లో ఆయన జె.పి.ఎల్.గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని కూడా ప్రచురించాడు. వాడుక భాషలోని క్రియారూపాల వర్గీకరణకు ఈ రెండూ ఆధారాలయ్యాయి.

క్రియ నిర్మాణం

తెలుగు సమాపక క్రియలో సాధారణంగా మూడు భాగాలు వరుసగా ఉంటాయి: ధాతువు, కాలాన్ని లేదా వ్యతిరేకాన్ని తెలిపే ప్రత్యయం, చివర పురుషబోధక ప్రత్యయం. "చేస్తారు" అనే మాటలో చేస్- ధాతురూపం, -తా- భవిష్యత్తును లేదా అలవాటును తెలిపేది, -రు బహువచనాన్ని తెలిపేది. ప్రత్యయాలన్నీ ధాతువుకు తరువాతే వస్తాయి, ముందు ఏదీ చేరదు.

ఇది అన్ని భాషలకూ సహజమైన విషయం కాదు. కెనడా తూర్పు భాగంలోని క్యుబెక్, లాబ్రడార్ ప్రాంతాలలో ఇన్ను ప్రజలు మాట్లాడే ఇన్ను భాష ఆల్గాంకియన్ కుటుంబానికి చెందినది. అందులో "నేను" అనే అర్థాన్నిచ్చే ని- అనే ప్రత్యయం క్రియకు ముందు చేరుతుంది. అంతేకాక కర్మ ప్రాణి అయితే ఒక ధాతురూపం, అప్రాణి అయితే మరొక ధాతురూపం వాడాలి. మనిషిని చూడడానికి, వస్తువును చూడడానికి రెండు వేర్వేరు క్రియలన్నమాట. తెలుగులో ఇటువంటి భేదం కర్మను బట్టి ఉండదు. ప్రాణి, అప్రాణి భేదం ద్వితీయా విభక్తిలో మాత్రం కొంత కనిపిస్తుంది (పిల్లవాడిని చూశాడు, ఇల్లు చూశాడు). మరొక పోలిక కూడా చెప్పుకోదగినది. తెలుగులో మేము, మనము అనే భేదం సర్వనామంలో ఉన్నా క్రియలో కనిపించదు. రెండింటికీ "చేస్తాము" ఒక్కటే. ఇన్ను భాషలో ఆ భేదం క్రియారూపంలోనే తెలుస్తుంది.

పురుష, లింగ, వచనాలు

చేయు ధాతువు భూతకాల రూపాలు ప్రామాణిక భాషలో ఇలా ఉంటాయి: నేను చేశాను, నువ్వు చేశావు, వాడు చేశాడు, ఆమె లేదా అది చేసింది, మేము చేశాము, మీరు చేశారు, వాళ్ళు చేశారు, అవి చేశాయి.

గాంధారి ప్రాంతంలో: నేను చేసిన, నువ్వు చేసినవు, వాడు చేసిండు, ఆమె లేదా అది చేసింది, మేము చేసినం, మీరు చేసిన్రు, వాళ్ళు చేసిన్రు, అవి చేసినయి. చేసిన్రు అనేదానికి చేసిండ్రు అనే రూపాంతరం కూడా వినబడుతుంది.

ఏకవచనంలో స్త్రీలకు, జంతువులకు, వస్తువులకు ఒకే రూపం వాడడం తెలుగులో ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. ఆమె చేసింది, ఆవు చేసింది, యంత్రం చేసింది. అయితే బహువచనంలో స్త్రీలు పురుషులతో కలుస్తారు. ఆడవాళ్ళు చేశారు, ఆవులు చేశాయి. తెలుగుకు దగ్గరి బంధువైన గోండీలో బహువచనంలో కూడా స్త్రీలు అమహత్తు వర్గంలోనే ఉంటారు. తమిళంలో స్త్రీలకు ఏకవచనంలోనే ప్రత్యేక రూపం ఉంది. తెలుగు ఈ రెంటికీ మధ్య ఉన్నది.

గౌరవాన్ని తెలపడంలో ప్రాంతాల మధ్య తేడా ఉంది, దాని వలన అపార్థాలు కూడా కలుగుతాయి. కోస్తా శిష్ట వ్యవహారంలో పెద్దవారిని గురించి "ఆయన వచ్చారు" అనడం మర్యాద. తెలంగాణ పల్లెలలో తండ్రిని గురించి, ఊరి పెద్దను గురించి చెప్పేటప్పుడు కూడా తరచుగా "ఆయన వచ్చిండు" అంటారు. ఇక్కడ గౌరవం "ఆయన" అనే సర్వనామంలోనే ఉన్నది. "వాడు వచ్చిండు" అన్నప్పుడు అది ఉండదు. క్రియ చివర -డు వినగానే అమర్యాద అనుకోవడం ఒక మాండలికపు నియమాన్ని మరొకదానికి అంటగట్టడమే.

వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు

ప్రాచీన కావ్యభాషలో భూతకాలానికి చేసితిని, చేసితివి, చేసెను, చేసితిమి, చేసితిరి, చేసిరి అనే రూపాలు ఉండేవి. వీటితో పాటు ధాతుజ విశేషణానికి (చేసిన) పురుషబోధకాలు చేరిన చేసినాను, చేసినాడు, చేసినది వంటి రూపాలు వ్యాపించాయి. నేటి మాండలికాల రూపాలన్నీ ఈ రెండవ తరగతి నుండే వచ్చాయి.

రాయలసీమలో "వచ్చినాడు" దాదాపు యథాతథంగా నిలిచింది. కోస్తాలో మధ్యనున్న -ఇన్- లోపించి "వచ్చాడు" అయింది. చేసినాడు నుండి వచ్చిన చేశాడులో "స"కు బదులు "శ" రావడం, లోపించిన ఇకారం వదలివెళ్ళిన గుర్తు. తెలంగాణలో ఇకారం, నకారం నిలిచి, వాటి తరువాతి దీర్ఘాచ్చు లోపించింది. న, డ పక్కపక్కన చేరి "వచ్చిండు" ఏర్పడింది. అనగా కోస్తా మాండలికం పదం నడుమ ఒక భాగాన్ని వదులుకుంటే, తెలంగాణ మాండలికం దాని పక్కనున్న మరొక భాగాన్ని వదులుకుంది. స్త్రీలింగంలో వచ్చినది అనే రూపం మూడు ప్రాంతాల వాడుకలోనూ "వచ్చింది" కావడం ఇందుకు మంచి నిదర్శనం. అక్కడ కోస్తా కూడా -ఇన్-ను వదలలేదు, తరువాతి అచ్చునే వదిలింది. ఆ ఒక్క రూపంలో కోస్తావారు చేసిన పనినే తెలంగాణవారు పుంలింగంలోనూ చేశారు.

అయితే -ను, -డు చివరగల కొన్ని ధాతువులకు తెలంగాణలో కూడా -ఇండు రాదు. తిను, కొను, విను, అను, పడు ధాతువులకు తిన్నడు, కొన్నడు, విన్నడు, అన్నడు, పడ్డడు అనే రూపాలే ఉంటాయి. కోస్తాలో తిన్నాడు, కొన్నాడు, పడ్డాడు. హల్లు ద్విత్వం కావడం రెండు చోట్లా సమానం. చివరి అచ్చు హ్రస్వం కావడమే తెలంగాణ ప్రత్యేకత.

ఉత్తమపురుష ఏకవచనంలో తెలంగాణ వాడుక చివరి -ను ను వదిలివేయడం వలన "నేను వచ్చిన" అనే సమాపక క్రియ, "వచ్చిన మనిషి"లోని విశేషణం రూపంలో ఒకటే అయ్యాయి. వాక్యంలో స్థానాన్ని బట్టి అర్థం తెలుస్తుంది గనుక మాట్లాడేవారికి ఇబ్బంది కలగదు. వ్రాతలో మాత్రం కొందరు రచయితలు భేదం కోసం "వచ్చినా" అని దీర్ఘం వ్రాస్తారు. ఇది అప్యర్థకమైన "వచ్చినా" (వచ్చినప్పటికీ) తో కలిసిపోయి కొత్త గందరగోళానికి దారి తీస్తుంది.

భవిష్యత్తు, వర్తమానం

అలవాటుగా జరిగే పనికి, జరగబోయే పనికి ఆధునిక తెలుగులో ఒకే రూపం ఉంది. "రోజూ బడికి పోతాడు", "రేపు బడికి పోతాడు" రెండింటిలోనూ పోతాడు. తెలంగాణలో పోత, పోతవు, పోతడు, పోతది, పోతం, పోతరు, పోతయి. ప్రామాణిక భాషలో స్త్రీ, అమహత్ ఏకవచనానికి పోతుంది, చేస్తుంది అని ఉంటే తెలంగాణలో పోతది, చేస్తది. ఇక్కడ తెలంగాణ వరుసలో -త- అన్ని పురుషలలోనూ మారకుండా ఉండడం వలన ఆ వరుస ఎక్కువ క్రమబద్ధంగా ఉన్నదని చెప్పవచ్చు.

జరుగుతున్న పనికి శత్రర్థకంపై ఉండు ధాతువు చేరుతుంది. చేయుచున్నాడు అనే గ్రాంథిక రూపం నేడు చేస్తున్నాడు. తెలంగాణలో చేస్తున్నడు, చేస్తుండు. గతంలో కొంతకాలం జరిగిన పనికి తెలంగాణలో "చేస్తుండె" అంటారు. "అప్పట్ల మా ఊర్ల కరెంటు లేకుండె" అనే వాక్యంలోని -ఉండె, గ్రాంథికమైన ఉండెను రూపమే. కోస్తా వాడుకలో ఆ స్థానాన్ని ఉండేది, ఉండేవాడు అనే రూపాలు ఆక్రమించాయి. పాఠ్యగ్రంథాలలోని పాత పద్యాలు చదివే గాంధారి విద్యార్థికి "ఉండెను" అర్థం కావడానికి ప్రతిపదార్థం చూడవలసిన పని లేదు.

వ్యతిరేక రూపాలు

ద్రావిడ భాషల విశిష్ట లక్షణాలలో వ్యతిరేక క్రియ ఒకటి. "కాదు", "లేదు" వంటి వేరే మాట అవసరం లేకుండా ధాతువుకు నేరుగా వ్యతిరేకార్థం చేరుతుంది. చేయను, చేయవు, చేయడు, చేయదు, చేయము, చేయరు, చేయవు. తెలంగాణలో చెయ్య, చెయ్యవు, చెయ్యడు, చెయ్యదు, చెయ్యం, చెయ్యరు, చెయ్యవు. ఈ వరుసలో కాలాన్ని తెలిపే ప్రత్యయం ఏదీ లేకపోవడం గమనార్హం. పూర్వం ఇది మూడు కాలాలకూ వర్తించేది. నేడు భవిష్యత్తుకు, అలవాటుకు పరిమితమైంది.

భూతకాల వ్యతిరేకానికి తుమర్థకంపై "లేదు" చేరుతుంది. నేను చేయలేదు, వాడు చేయలేదు, వాళ్ళు చేయలేదు. ఇక్కడ పురుష, వచన భేదం లేదు. దీనివలన ఒక చిక్కు ఉంది. "ఆమె చేయలేదు" అంటే చేసి ఉండలేదు అని కావచ్చు, చేసే శక్తి లేదు అని కూడా కావచ్చు. "వాడు చేయలేదు", "వాడు చేయలేడు" అన్నప్పుడు ఈ అనుమానం రాదు. తెలంగాణ వాడుకలో మొదటి అర్థానికి "చెయ్యలే" అని, రెండవ అర్థానికి తరచుగా "ఆమెతోని కాదు" అని అంటారు గనుక చిక్కు చాలావరకు తొలగిపోతుంది.

ధాతువులలో మార్పులు

తెలుగు క్రియను నేర్చుకునేవారికి కష్టం కలిగించేవి ప్రత్యయాలు కావు, వాటికి ముందు ధాతువు మారే తీరు. చేయు ధాతువునే తీసుకుంటే చేయడులో చేయ్-, చేస్తాడులో చేస్-, చేద్దాంలో చేద్- అని మూడు రూపాలు కనిపిస్తాయి. కోయు, వేయు, తీయు, మోయు, రాయు ధాతువులు కూడా ఇదే దారిలో నడుస్తాయి.

రెండు హ్రస్వాక్షరాలతో మొదలయ్యే ధాతువులలో రెండవ అచ్చు తరువాతి ప్రత్యయాన్ని బట్టి మారుతుంది. అడుగుతాడు, అడిగాడు, అడగడు. చదువుతాడు, చదివాడు, చదవడు. కలుపుతాడు, కలిపాడు, కలపడు. ఉకారం, ఇకారం, అకారం వరుసగా వస్తాయి. మొదటి అచ్చు మాత్రం కదలదు. ఈ స్వరసమత తెలుగు పలుకుబడికి ఎంత సహజమంటే, వ్యాకరణం చదవని చిన్నపిల్లలు కూడా దీనిలో తప్పు చేయడం అరుదు.

-చు చివరగల ధాతువులు రెండు తెగలు. పిలుచు, నడుచు, తుడుచు, లేచు వంటివి వ్యతిరేకంలో చకారాన్ని వదిలి వకారాన్ని తీసుకుంటాయి: పిలవడు, నడవడు, తుడవడు, లేవడు. -ఇంచు చివరగలవి చకారాన్ని నిలుపుకుంటాయి: ప్రేమించడు, వినిపించడు. రెండు తెగలకూ తకారానికి ముందు చకారం సకారమవుతుంది: పిలుస్తాడు, ప్రేమిస్తాడు.

-ట్టు చివరగలవి తకారానికి ముందు మెత్తబడతాయి. కట్టు, కొట్టు, పెట్టు, కుట్టు, తిట్టు ధాతువులకు కట్టాడు, కొట్టాడు అని భూతకాలం ఉన్నా, భవిష్యత్తులో కడతాడు, కొడతాడు, పెడతాడు, కుడతాడు, తిడతాడు. తెలంగాణలో నడిమి అచ్చు కూడా పోయి కడ్తడు, కొడ్తడు, పెడ్తడు. -ను చివరగలవాటిలో తకారం టకారమవుతుంది: కొంటాడు, తింటాడు, వింటాడు.

నిత్యం వాడే కొన్ని ధాతువులు ఏ తరగతికీ పూర్తిగా లొంగవు. వచ్చు: వచ్చాడు, వస్తాడు, కాని రాడు, రా. తెచ్చు: తెచ్చాడు, తెస్తాడు, కాని తేడు, తే. చచ్చు: చచ్చాడు, చస్తాడు, చావడు. అవు: అయ్యాడు, అవుతాడు, కాడు. ఉండు ధాతువుకు ఉన్నాడు అనే రూపం చూడడానికి భూతకాలం, అర్థంలో వర్తమానం. దాని వ్యతిరేకం లేడు వేరే మూలం నుండి వచ్చింది. ఎక్కువగా వాడబడే మాటలే అక్రమంగా ఉండడం ప్రపంచ భాషలలో సామాన్యం. తరచు వినబడటం వలన పిల్లలు వాటిని ఉన్నవి ఉన్నట్లుగా గుర్తుంచుకుంటారు.

కొన్ని ధాతువుల మొదటి అక్షరంలోనే చరిత్ర దాగి ఉంది. నేటి రాయు పూర్వం వ్రాయు. తమిళంలో దీనికి సోదర పదం వరై. అక్కడ వ, ర ల మధ్య ఉన్న అచ్చు తెలుగులో స్థానం మార్చుకోవడం వలన రెండు హల్లులు కలిసి సంయుక్తాక్షరం ఏర్పడింది. తరువాత వాడుకలో వకారం కూడా పోయింది. మింగు పూర్వరూపం మ్రింగు, తమిళంలో విళుంగు.

జంట ధాతువులు, ప్రేరణార్థకాలు

పని తనంతట తాను జరగడానికి ఒక రూపం, మరొకరు చేయడం వలన జరగడానికి మరొక రూపం గల జంటలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. పెరుగు-పెంచు, తెగు-తెంచు, వంగు-వంచు, నిండు-నింపు, ఆగు-ఆపు, మారు-మార్చు, కాలు-కాల్చు, తిరుగు-తిప్పు. వ్యవసాయపు మాటలలో ఇవి ప్రతిపూటా వినబడతాయి. కాలువ నిండుతుంది, రైతు మడి నింపుతాడు. చేను ఎండుతుంది, కోసిన పంటను ఎండబెడతారు. నీళ్ళు పారుతాయి, నీళ్ళు పారిస్తారు.

ఈ జంటలకు మించి -ఇంచు చేర్చి ఇతరుల చేత పని చేయించడాన్ని తెలపవచ్చు. దున్ను-దున్నించు, కోయు-కోయించు, కట్టు-కట్టించు. తిను, విను వంటివాటికి -పించు చేరుతుంది: తినిపించు, వినిపించు. తన కోసం తాను చేసుకోవడాన్ని కొను అనే సహాయక క్రియ తెలుపుతుంది. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు. వండుకున్నాడు అంటే తన కోసమే.

కర్మణి ప్రయోగానికి పడు సహాయక క్రియ ఉంది: చేయబడింది, వ్రాయబడింది. మాట్లాడే తెలుగులో ఇది అరుదు. "ఈ గుడి కాకతీయులచే కట్టబడింది" అనడం కంటే "ఈ గుడిని కాకతీయులు కట్టించారు" అనడం సహజం. ఇంగ్లీషు నుండి అనువదించిన వార్తలలో, ఉత్తర్వులలో, చివరకు విజ్ఞానసర్వస్వ వ్యాసాలలో కూడా బడు ప్రయోగం అవసరానికి మించి కనిపిస్తుంది.

విధి, నిషేధం, క్రియానామం

ఆజ్ఞకు ఏకవచనంలో చెయ్యి, రా, పో. బహువచనంలో, గౌరవంలో ప్రామాణిక భాష చేయండి, రండి అంటే తెలంగాణలో చెయ్యుండ్రి, రాండ్రి, పోండ్రి. నిషేధానికి చేయకు, చేయకండి. ఆవశ్యకతకు కోస్తాలో చేయాలి, తెలంగాణలో చెయ్యాలె. గ్రాంథికమైన చేయవలె రూపానికి రెండవది దగ్గరగా ఉన్నది. పనిని నామవాచకంగా చెప్పడానికి ప్రామాణిక భాషలో చేయడం, గ్రాంథికంలో చేయుట ఉండగా, తెలంగాణలో -ఉడు చేరిన చేసుడు, తినుడు, పోవుడు, చెప్పుడు వాడుకలో ఉన్నాయి. "బీడీలు చేసుడు", "పత్తి ఏరుడు" ఈ జిల్లా పల్లెలలో నిత్యం వినబడే మాటలు. శత్రర్థకానికి కూడా ఇక్కడ -కుంట రూపం ఎక్కువ: "నడుచుకుంట పోయిండు".

ఈ రూపాలు చాలా నిఘంటువులలో ఆరోపాలుగా లేవు. చేసుడు అనే మాటను వెదికే విద్యార్థికి అది దొరకదు, చేయు వద్ద వెదకాలని ముందే తెలిసి ఉండాలి. కంప్యూటరులో అక్షరదోషాలు చూసే సాధనాలను ప్రామాణిక రూపాలతో మాత్రమే తయారు చేస్తే చేసిండు, పోతది, చెయ్యాలె అన్నీ దోషాలుగానే చూపబడతాయి. ధాతువుల తరగతులు రెండు మాండలికాలకూ దాదాపు ఒకటే గనుక, ప్రత్యయాల పట్టికను ఒకదానిని అదనంగా చేర్చితే ఈ లోపాన్ని చాలావరకు సవరించవచ్చు.

అరువు క్రియలు

సంస్కృత పదాలు -ఇంచు చేరి తెలుగు ధాతువులవుతాయి: భావించు, రక్షించు, ప్రారంభించు. ఉర్దూ, హిందీ క్రియలు -ఆయించు రూపంతో వచ్చాయి: సతాయించు, దబాయించు, బనాయించు. నిజాము పాలనలో ఉర్దూ అధికారభాషగా ఉండిన ఈ ప్రాంతంలో ఇటువంటివి ఎక్కువ. ఒకసారి తెలుగులోకి వచ్చిన తరువాత ఇవి ఇంచు ధాతువుల నియమాలనే పాటిస్తాయి: సతాయించిండు, సతాయిస్తడు, సతాయించడు. గాంధారి మండలంలోని తండాలలో మాట్లాడే లంబాడీ భాష ఇండో-ఆర్య కుటుంబానిది. తండా పిల్లలకు ఇంటిలో ఒక క్రియావ్యవస్థ, ఊరిలో తెలంగాణ రూపాలు, పుస్తకంలో ప్రామాణిక రూపాలు, మొత్తం మూడు ఎదురవుతాయి. ఇంగ్లీషు మాటలు నేరుగా ధాతువులు కావడం లేదు. వాటికి చేయు, అవు సహాయకాలుగా చేరుతున్నాయి: ఫోన్ చేసిండు, పాస్ అయింది, రిపేర్ చెయ్యాలె.